అమ్మ చేపలు తిన్న పదకొండు రోజులు

మా అమ్మ చేపలమ్మే మనిషి. అయినా నాలుగేళ్లపాటు చేప ముక్క నోట్లో పెట్టలేదు. ఆ తరవాత పదకొండు రోజులు తిన్నది, మళ్లీ మానేసింది. తిన్నదీ నా వల్లే, మానిందీ నా వల్లే. రెండింటికీ కారణం నేను చేసిన ఒక వీడియో, తొమ్మిది నిమిషాల నలభై సెకన్లది. ఈ సంగతి చెప్పమని నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ని కాదు, నా తీరు అంత.

ముందు చెయ్యి సంగతి చెప్పాలి. మా మైపాడులో బోటు ఒడ్డుకి రాగానే ట్రాక్టరుకి తాడు కట్టి ఇసుక మీదికి లాగుతారు. ఆ తాడుని పట్టుకోవాలే గానీ చేతికి చుట్టుకోకూడదు. మా వాళ్లలో ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ పొద్దున తాడు తడిసి జారిపోతోందని నేను కుడి మణికట్టుకి ఒక్క చుట్టు వేశాను. ట్రాక్టరు కదిలింది. నేను అరిచానని తరవాత అందరూ చెప్పారు, నాకైతే గుర్తు లేదు.

నెల్లూరు ఆసుపత్రిలో రెండు ఆపరేషన్లు చేశారు. ఎముక అతుక్కుంది, నరం అతుక్కోలేదు. బొటనవేలు కాస్త కదులుతుంది. మిగతా నాలుగు వేళ్లూ కలిసికట్టుగా సగం దాకా ముడుచుకుంటాయి. స్పర్శ మాత్రం ఏ వేలికీ లేదు. డాక్టరు నన్ను అటు తిరగమని, సూదితో గుచ్చుతూ తెలుస్తోందా అని అడిగేవాడు. రెండుసార్లు తెలియడం లేదన్నాను. మూడోసారి తెలుస్తోందన్నాను, ఆయనకి కొంచెం సంతోషం కలుగుతుందేమోనని. ఆ మూడోసారి ఆయన గుచ్చలేదట. కాగితం మీద ఏదో రాసుకున్నాడు, నవ్వలేదు.

ఆ మొద్దుబారడం చేతి దగ్గర ఆగలేదు. ఇంటికొచ్చాక చూసుకుంటే దేనికీ ఏమీ అనిపించడం లేదు. కుదిరినట్టే ఉన్న పెళ్లి మాటలు ఆగిపోయాయి. అక్క వచ్చి ఏడ్చింది. అక్క మొగుడు, మా బావ, బోటు ఆయనదే, నన్ను చూడ్డానికి వచ్చి తలుపు దగ్గరే నిలబడి వెళ్లిపోయాడు. నేను ఇవన్నీ ఎదురింట్లో జరుగుతున్నట్టు చూశాను. చుట్టాలు ధైర్యవంతుడన్నారు. ధైర్యం కాదు, లోపల దీపం ఆరింది, అంతే.

అమ్మ గంగమ్మ దగ్గరికి పోయి మొక్కుకుంది. నా బిడ్డ కుడిచెయ్యి మళ్లీ ఆడేదాకా చేప ముట్టనని. ముట్టనంటే తిననని అర్థం. రోజూ పొద్దున బేసిన్ నెత్తిన పెట్టుకుని ఆటోలో నెల్లూరు పోయి వీధి వీధీ తిరిగి చేపలే అమ్మేది. కొనేవాళ్లు రుచి ఎలా ఉంటుందని అడిగితే పాత జ్ఞాపకం మీద చెప్పేది. ఇంట్లో నాకోసం పులుసు పెట్టేది, ఉప్పు చూడకుండా. ఎక్కువైనా తక్కువైనా నేను చెప్పేవాణ్ని కాదు. నిజానికి ఎక్కువో తక్కువో నాకు తెలిసేది కాదు.

తిండి దగ్గర ఇంకో తంటా. కుడిచేత్తో ముద్ద కలవదు. ఎడంచేత్తో అన్నం తింటే పక్కనున్నవాళ్లు మొహం తిప్పుకుంటారు. అందుకని ఎడంచేత్తో చెంచా పట్టుకునేవాణ్ని. చెంచాతో ముళ్లు తీయడం కుదరదు కదా, అమ్మే నా పక్కన కూర్చుని చేపలో ముళ్లు ఒక్కొక్కటీ ఏరి కండ నా పళ్లెంలో పెట్టేది. ఏరడం అయ్యాక వేళ్లు కొంగుకి తుడుచుకుని తన చారన్నం తను తినేది. ముప్పై రెండేళ్లవాడికి తల్లి ముళ్లు తీసి పెట్టడం చూసి ఎవరైనా నవ్వుతారని, నేను పెళ్లిళ్లకీ పేరంటాలకీ పోవడం మానేశాను.

వేటకి పనికిరానని తేలాక నెల్లూరులో ఒక నెట్ సెంటర్లో కుదిరాను. దరఖాస్తులు నింపడం, జిరాక్సులు తీయడం, ఫోటోలు కత్తిరించడం. అన్నీ ఎడంచేత్తోనే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎండకి ఎవరూ రారు. ఆ రెండు గంటల్లోనే మొదటిసారి టాస్ వీడియో చూశాను. టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్ అని పూర్తి పేరు. ఒక పాత వీడియో గేముని సాధ్యమైనంత తక్కువ సమయంలో ముగించడం, అదీ మనిషి చేతులతో కాకుండా.

ఎలాగంటే, గేముని కంప్యూటర్లో నడిపిస్తారు. గేము సెకనుకి అరవై బొమ్మలుగా కదులుతుంది, ఒక్కో బొమ్మని ఫ్రేము అంటారు. మీట నొక్కి ప్రతి ఫ్రేము దగ్గరా దాన్ని ఆపొచ్చు. ఈ ఫ్రేములో ఏ బటన్ నొక్కాలో తీరిగ్గా ఆలోచించుకుని, అది నొక్కి, ఒక్క ఫ్రేము ముందుకి జరపొచ్చు. బాగా కుదిరితే అక్కడ దాచుకుంటారు. కుదరకపోతే దాచుకున్న చోటికి వెనక్కి వచ్చి మళ్లీ మొదలు. ఇలా నెలలు, ఒక్కోసారి ఏళ్లు. చివరికి మిగిలేది ఏ ఫ్రేములో ఏ బటన్ అనే ఒక పొడుగాటి జాబితా. దాన్ని గేముకి అందిస్తే మొదటినుంచి చివరిదాకా ఆగకుండా ఆడేస్తుంది. చూసేవాళ్లకి ఒకటే పరుగు కనిపిస్తుంది, అతుకులు కనిపించవు.

నేను చూసినవాటిలో కొన్ని ఇప్పటికీ మరిచిపోలేను. ఒకదాంట్లో నాలుగు వేరు వేరు గేములు ఒకే తెర మీద పక్కపక్కన ఆడుతుంటాయి, నాలుగింటికీ ఒకే బటన్ల జాబితా. ఇక్కడ గోతి మీంచి దూకిన దూకే అక్కడ శత్రువు నెత్తిన పడుతుంది. నాలుగూ ముగుస్తాయి. ఇంకోదాంట్లో గేములోని మనిషి ఒకే చోట పిచ్చిపట్టినట్టు వస్తువులు ఎత్తి దించుతుంటాడు. చూస్తుంటే విసుగొస్తుంది. నిమిషం తరవాత గేము పగిలి, లోపల ఇంకో కొత్త ఆట మొదలవుతుంది. ఆ ఎత్తడం దించడంతోనే గేము మెదడులో కొత్త ఆటని రాసేశారన్నమాట. అది నిండు సభలో, అసలైన పాత గేము మిషన్‌కి, జాబితా అందించే ఒక చిన్న పెట్టె తగిలించి చూపించారు. బటన్లుండే కంట్రోలర్ ఎవరి చేతిలోనూ లేదు. జనం మొదట నవ్వారు, తరవాత గప్‌చుప్ అయ్యారు, ఆ తరవాత కుర్చీలెక్కి అరిచారు. ఆ గప్‌చుప్ అయిన కాస్తసేపు కోసం ఆ వీడియో నేను చాలాసార్లు పెట్టుకుని చూశాను.

అదృష్టాన్ని కూడా వాళ్లు దారికి తెచ్చుకుంటారు. గేములో శత్రువు ఎటు దూకుతాడో పాచిక వేసినట్టు ఉంటుంది గానీ, మనం ఒక ఫ్రేము ఆగి కదిలితే పాచిక మారిపోతుంది. ఇది చదువుతున్నవాళ్లకి ఒక ఆలోచన వచ్చే ఉంటుంది, తాడు చుట్టుకున్న క్షణానికి వెనక్కి పోవాలని వీడికి ఉండేదేమోనని. లేదండీ. నాకు ఏమీ అనిపించేది కాదు, అందుకే ఆ పని నాకు సరిపడింది. ఒక్కో ఫ్రేమూ జరపడానికి ఒక్క వేలు చాలు, ఏ చేతిదైనా ఫరవాలేదు.

ఈ వీడియోల చరిత్రలో ఒక పాత గొడవ ఉంది. తొలి రోజుల్లో ఇలాంటిదొకటి బయటికొస్తే చూసినవాళ్లు మనిషే ఆడాడనుకుని దేవుణ్ని చూసినట్టు చూశారట. ఎలా చేశారో తెలిశాక అదే జనం మోసం మోసం అని తిట్టారట. అది చదివి నేను ఆ జనాన్ని తిట్టుకున్నాను. చేసినవాడు ఎప్పుడైనా చేత్తో ఆడానన్నాడా? మీరనుకుంటే తప్పు వాడిదా? అని. చాలా గట్టిగా అనిపించింది నాకు. అప్పటికి మా అమ్మ నా వీడియో చూడలేదు.

నేను ఎంచుకున్నది కోట ఆట. చిన్నప్పుడు అమ్మ అక్కకీ నాకూ ఒక ప్లాస్టిక్ వీడియో గేము కొని తెచ్చింది, దాంతోపాటు వచ్చిన క్యాసెట్టు మీద కాగితం చిరిగిపోయి ఉంది. అసలు పేరు చాలా ఏళ్లకి తెలిసింది గానీ మాకది కోట ఆటే. ఒక చిన్న మనిషి టార్చి పట్టుకుని కోట ఎక్కుతాడు. సెలవుల్లో పొద్దస్తమానం ఆడినా నేనూ అక్కా పైకి చేరింది రెండే సార్లు. అమ్మ వల బాగుచేసుకుంటూ నా కుడి బొటనవేలు వైపు చూసేది. "నీ వేలు నా వల సూది మాదిరి పోతాందిరా" అనేది. ఆ గేముకి టాస్ ఎవరూ చేయలేదు. నేను చేయడం మొదలుపెట్టాను.

రెండున్నరేళ్లు పట్టింది. నాలుగో అంతస్తులో ఒక గోడ ఉంది, దాన్ని దాటడానికే ఏడు నెలలు. ఎడమ, కుడి బటన్లు రెండూ ఒకే ఫ్రేములో నొక్కితే ఆ చిన్న మనిషి గోడలోకి కూరుకుపోతాడని తెలిసింది. ఉత్త కంట్రోలర్ మీద రెండూ ఒకేసారి నొక్కడం కుదరదు, ఒకటి దిగితే ఇంకోటి లేస్తుంది. జాబితాలో మాత్రం రాయొచ్చు. ఎన్నిసార్లు వెనక్కి వచ్చి సరిచేశామో కంప్యూటరు దానంతటదే లెక్క పెట్టుకుంటుంది. పూర్తయ్యేసరికి అది నలభై ఒక్క వేలు దాటింది. అంతా అయ్యాక చూసుకుంటే, మనిషి టార్చి పట్టుకుని గాల్లో నడిచినట్టు కోట పైకి పోయాడు. నాకు సంతోషం వేయలేదు. ఫైలు దాచి, ఎవరిదో కుల ధ్రువపత్రం దరఖాస్తు నింపాను.

వీడియో ఇంటర్నెట్లో పెట్టాను. ఎలా చేసిందీ కింద పూర్తిగా రాశాను, ఎవరూ చదవరనుకోండి. ముందు మనకి తెలియని దేశాలవాళ్లు చూశారు, ఆశ్చర్యపోయారు, ఒకాయన గోడ దగ్గర తన గుండె ఆగిందని రాశాడు. తరవాత అది తిరిగి తిరిగి మా ఊరి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది, మన ఊరి కుర్రోడి ఆట అని. అక్క ఫోన్లో చూసి పరుగున అమ్మ దగ్గరికి తెచ్చింది. ఆ రోజు నెట్ సెంటర్ సెలవు, నేను ఇంట్లోనే ఉన్నాను.

అమ్మ అప్పుడే బేసిన్ కడిగి వసారాలో బోర్లించి కూర్చుంది. అక్క ఫోను పట్టుకుంటే అమ్మ వీడియో మొత్తం చూసింది. మళ్లీ పెట్టమంది. మూడోసారీ చూసింది. ఆమె చూసే తీరు నాకు తెలుసు. బాగుచేసిన వల చేతికిస్తే, ముడి ముడినీ చూసి ఇది ఫలానావాళ్ల చెయ్యి అని చెప్పగలదు. ఎడమచేతివాళ్ల ముడి ఇంకో వైపు తిరుగుతుందట. ఆ చిన్న మనిషి దూకులు కూడా అట్లాగే చదివింది. ఆ దూకుల్లో తడబాటు లేదు, ఆగడం లేదు. చదివి నా వైపు తిరిగింది.

"ఇది ఎడంచెయ్యి పని గాదు."

నేను కుడిచేతిని వెనక్కి పెట్టుకున్నాను.

"ఒరే, ఇది నీ పాత చెయ్యేరా. నాకు తెలవదా? నీ కుడిచెయ్యి ఆడతా ఉండాదా?"

అక్క నన్నే చూస్తోంది. అప్పుడు నేను చెప్పాల్సింది చాలా చిన్న మాట. లేదు మా, అది కంప్యూటరు. అంతే. అమ్మ మొహం నేను ఎన్నడూ చూడనట్టుగా ఉంది. నాలుగేళ్లలో మొదటిసారి నాకు లోపల ఏదో అనిపించింది. అది పోతుందేమోనని భయం వేసింది.

"కొంచెం ఆడతా ఉంది మా," అన్నాను.

ఇది అబద్ధం. ఆమె అనుకుంది కాబట్టి నా తప్పు కాదని ఇక్కడ అనడానికి వీల్లేదు. ఆ పాత గొడవలో వీడియో చేసినవాడు నోరు విప్పలేదు, నేను విప్పాను.

మర్నాడు పొద్దున్నే అమ్మ తలంటు పోసుకుని, పసుపు కుంకుమా టెంకాయా తీసుకుని గంగమ్మ గుడికి పోయింది. వచ్చేటప్పుడు వంజరం చేప ముక్కలు తెచ్చింది. మామిడికాయ వేసి పులుసు పెట్టింది. నాలుగేళ్ల తరవాత గరిట మీంచి అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకి, ఉప్పు చూసింది. ఆ చుక్క నాకి కాసేపు గరిట అట్లాగే పట్టుకుని నిలబడింది. తరవాత నా చెంచా తీసి గూట్లో పెట్టేసింది. "ఇంక దీంతో ఏం పని?" అంది.

ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. అమ్మ ముక్కని తుంచి, కళ్లు మూసుకుని నమిలింది. తల దగ్గర కండ, పొట్ట దగ్గర కొవ్వు, తోక, దేన్నీ వదల్లేదు. ముల్లుని కూడా పీల్చి పక్కన పెట్టింది. చేపలమ్మే మనిషి, ఇంత ఇష్టంగా తింటుందని నేను ఎప్పుడూ గమనించలేదు. చిన్నప్పుడంతా మాకు పెట్టి చివర్న తినేది కదా. ఇంత ఇష్టమైనదాన్ని నా చేతి కోసం వదులుకుందని అప్పుడు తెలిసింది నాకు. తెలిసి కూడా చెప్పలేదు.

నేను కుడిచేత్తో తిన్నాను. అదెట్లాగో చెప్తే నవ్వొస్తుంది. సగం ముడుచుకునే నాలుగు వేళ్లని గరిటలా వాడి, బొటనవేలుతో అదిమి, నోటి దాకా తేవాలి. వేళ్లలో అన్నం ఉందో లేదో వేళ్లకి తెలియదు, కళ్లతో చూసుకోవాలి. వేడి తెలియదు కాబట్టి పళ్లెం ముందే చల్లార్చాలి. ఇది తెలిసేలోపు రెండో రోజే చూపుడువేలు బొబ్బెక్కింది, దాన్ని దాచాను. మూడో రోజుకి ఒక జాబితా తయారైంది. ముందు నీళ్లు తాగు, అమ్మ పులుసు వడ్డించుకునేటప్పుడు ముద్ద ఎత్తు, పడితే అప్పుడే మాట కలుపు. వంజరానికి మధ్యలో ఒకటే పెద్ద ముల్లు కాబట్టి బతికిపోయాను. అమ్మ ఇరుగుపొరుగుని పిలిచి, నా కొడుకు చెయ్యి చూడండని నన్ను తింటుండగా చూపించింది. వాళ్లు కూడా నోళ్లు తెరిచి చూశారు.

తొమ్మిదో రోజు బావ వచ్చాడు. ఈసారి తలుపు దగ్గర ఆగలేదు, లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఏం బామ్మర్దీ, చెయ్యి బాగైందంట గదా. మన బోటులో ఒకతను కృష్ణపట్నం పోర్టులో పని దొరికిందని పోయినాడు. ఆ చోటు ఎవురికీ ఇయ్యలా. పౌర్ణమి పోయినాక నువ్వే రావాల."

నేను ఏదో అనేలోపు అమ్మే వస్తాడని చెప్పేసింది. నా పాత వేట బట్టలు అప్పటికే ఉతికి దండెం మీద వేసి ఉన్నాయి. పౌర్ణమికి ఇంకా అయిదు రోజులుంది.

బోటు మీద అయిదుగురు ఉంటారు. తాడు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతుంది. నా చేతిలో తాడు ఉందో జారిందో నాకు తెలియకపోతే, అవతలి మనిషి నీళ్లలో ఉంటాడు. బహుశా మా బావే. అమ్మకి చెప్పి తీరాలి. చెబితే మొక్కు తీరకుండానే ఆమె గంగమ్మ ముందు మాట తప్పినట్టవుతుంది. సముద్రం మీద బతికేవాళ్లకి గంగమ్మ దగ్గర మాట తప్పడమంటే ఏమిటో బయటివాళ్లకి చెప్పడం కష్టం. పదో రోజంతా ఒక వాక్యం నోట్లో కట్టుకుని తిరిగాను. మా, నీతో ఒక మాట. అంతదాకా వచ్చేది, ఆ తరవాత వచ్చేది కాదు. అమ్మ ఆ రోజు రెండు పూటలా తిన్నది.

పదకొండో రోజు మధ్యాహ్నం కవళ్లు తెచ్చింది. చిన్న చేపలు, ఒళ్లంతా వెంట్రుకల్లాంటి ముళ్లు. రుచిలో వాటికి సాటి లేదని అమ్మ అంటుంది. వాటిని తినడం వేళ్ల పని, కళ్ల పని కాదు. కండని రెండు వేళ్ల మధ్య నలిపితే ముల్లు వేలికి తగులుతుంది, తగిలినదాన్ని తీసేస్తారు. నా జాబితాలో ఇది లేదు. పొద్దున టిఫిను ఎక్కువైందని చెప్పొచ్చు, కానీ అమ్మ అప్పటికే నా పళ్లెంలో నాలుగు వేసి, తనూ వేసుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నేనూ కలిపాను.

ముద్ద ఎత్తబోతుంటే అమ్మ నా చేతినే చూస్తోంది. నమలడం ఆపింది. నేను కూడా చూశాను. చూపుడువేలు కొసలో, పాత బొబ్బ పక్కన, ఒక ముల్లు సగం దాకా దిగి నిలబడి ఉంది. రక్తం అన్నంలోకి కారుతోంది. నేను కలుపుతూనే ఉన్నాను.

అమ్మ ముందుకి వంగి ఆ ముల్లుని పట్టుకుని లాగింది. నా మొహం వైపు చూస్తూ లాగింది. నా మొహంలో ఏమీ లేదు, ఉండడానికి ఏమీ తెలియలేదు కదా. ఆమె నోట్లో ముద్ద అలాగే ఉంది, మింగలేదు, ఉమ్మలేదు. రెండు బుగ్గలూ కదలకుండా అట్లాగే కూర్చుంది. తరవాత లేచి పెరట్లోకి పోయింది. ఉమ్మిన చప్పుడు, నీళ్లు పుక్కిలించిన చప్పుడు వినిపించింది. మూడు నాలుగు సార్లు పుక్కిలించింది.

నేను అప్పుడు పెరట్లోకి పోయి అంతా చెప్పాను. వీడియో కంప్యూటరు చేసిందని, చెయ్యి ఎప్పుడూ ఆడలేదని, ఆ రోజు వసారాలో అబద్ధం చెప్పానని. అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. చెంబు బోర్లించి, "నాకు చూపీ," అంది.

మర్నాడు నాతోపాటు నెట్ సెంటరుకి వచ్చింది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కోట ఆట తెరిచి, నాలుగో అంతస్తు గోడ దగ్గర ఆపి, ఆమె వేలు మీట మీద పెట్టించాను. ఒకసారి నొక్కింది, మనిషి వెంట్రుకవాసి కదిలాడు. మళ్లీ నొక్కింది. తప్పు బటన్ ఇస్తే గోడకి కొట్టుకుని పడ్డాడు. వెనక్కి తెచ్చాను, మళ్లీ నిలబడ్డాడు. అమ్మ చాలాసేపు నొక్కింది.

"కన్ను కన్నుకీ ముడి ఏసినట్టేగా," అంది. వల కన్ను గురించి.

"అంతే మా."

"ఎన్ని తూర్లు తప్పు పోయినావు?"

తెర మీద అంకె చూపించి, నలభై ఒక్క వేలు దాటిందని చెప్పాను.

"ఒక్కటి కూడా కనపడలేదే," అంది. మెచ్చుకున్నదో నిందించిందో నాకు తెలియలేదు. ఆమె మామూలుగానే అంది.

బావకి నేనే చెప్పాను. "ముందే చెప్పుంటే ఇంకొకర్ని చూసుకునేవాణ్ని గదా," అన్నాడు. ఆ చోట్లో వేరే అతను చేరాడు. అమ్మ తడిబట్టలతో గంగమ్మ చుట్టూ తిరిగి తప్పు చెల్లించుకుంది. ఆ పదకొండు రోజులూ కొట్టేసి మొక్కు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. వద్దని చెప్పాను. నరం ఇక రాదని డాక్టరు చెప్పిన మాట కూడా చెప్పాను, అంతవరకూ అదీ దాచాను. ఆమె వినిపించుకోలేదు. గూట్లోంచి చెంచా తీసి తోమి నా పళ్లెం పక్కన పెట్టింది.

ఒకే ఒక్కసారి ఆ సంగతి ఎత్తింది. చారన్నం కలుపుకుంటూ, నా వైపు చూడకుండా అంది. "నాలుగేండ్లకి రుచి మరిసిపోయుంటిరా. కష్టంగా లేకుండా ఉండె. మళ్లీ గ్యాపకం చేసినావు."

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. చేతికి దెబ్బ తగిలినప్పుడు కూడా రాలేదు.

ఆ వీడియో ఇంకా ఉంది. ఇప్పటికీ ఎవరో ఒకరు చూసి, ఇది మనిషి చేతులేనా అని అడుగుతుంటారు. కాదని జవాబు రాస్తాను, అందరికీ, వెంటనే. ఇంట్లో అమ్మ ఎప్పట్లాగే నా పక్కన కూర్చుని ముళ్లు ఏరి పెడుతుంది. ఇంతకుముందు ఏరడం కాగానే వేళ్లు కొంగుకి తుడిచేసుకునేది. ఇప్పుడు లేచి పెరట్లోకి పోతుంది, చెంబు అందుకోబోయే ముందు ఆ వేళ్లని ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. ఆ తరవాత కడుక్కుంటుంది. నేను పళ్లెంలోకి చూస్తూ చెంచాతో అన్నం తింటాను.